ఆగిపోయిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును చేతిలోకి తీసుకోవడం ఎలా?

"నేను రోజూ వాడే టూల్‌కి మూడేళ్లుగా కొత్త రిలీజు లేదు. రాసినాయన మెయిల్‌కి పలకడం లేదు. నేనే తీసుకుని నడపొచ్చా? ఫోర్క్ చేసేయనా (కోడ్ కాపీ తీసుకుని విడిగా నడపనా)?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. విడివిడిగా జవాబులు రాసేకంటే అన్నీ ఒకచోట పెడితే మేలనిపించింది.

నడపొచ్చు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు మీకు ఆ హక్కు ముందే ఇచ్చింది. కాకపోతే కోడ్ మీద హక్కు వేరు, ఆ పేరు చూసి వెనకాముందూ ఆలోచించకుండా అప్‌డేట్ చేసుకునేవాళ్ల నమ్మకం వేరు. మొదటిది ఒక్క క్లిక్కుతో వస్తుంది, రెండోదానికి నెలలు పడుతుంది. అందుకే కింద చెప్పే వరుస తప్పకండి. పని ముందు, తాళాలు (రిపో, ఖాతాల మీద అధికారం) చివర.

కావలసినవి

- ఆ టూల్‌ను మీరు నిజంగా వాడుతూ ఉండాలి. వాడని ప్రాజెక్టును తీసుకున్నవాళ్లు ఎక్కువమంది ఆరు నెలల్లో వదిలేయడం చూశాను.
- అది రాసిన భాష చదివి అర్థం చేసుకునేంత రావాలి. నిపుణులే కానక్కర్లేదు.
- కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో బ్రాంచ్, రీబేస్, చెర్రీ-పిక్, బైసెక్ట్ తడబడకుండా చేయగలగాలి.
- వారానికి మూడు నాలుగు గంటలు, కనీసం ఏడాది పాటు. ఒక వారం ఇరవై గంటలు కూర్చుని తర్వాత మూడు నెలలు మాయమైతే ఉపయోగం లేదు.
- ఒక సాదా టెక్స్ట్ ఫైలు. ఎవరికి ఏ తేదీన ఏం రాశారో, ఏం జవాబు వచ్చిందో అందులో రాస్తూ పోండి. ఇది తర్వాత చాలా అవసరమవుతుంది, ఎందుకో ఆరో అడుగులో చెప్తాను.
- వీలైతే ఇంకో మనిషి. మొదటి రోజు దొరక్కపోయినా పరవాలేదు, చివరికి మాత్రం కావాలి.

1. ఆగిపోయిందా, పూర్తయిపోయిందా తేల్చుకోండి

చివరి కమిట్ (కోడ్‌లో నమోదైన మార్పు) తేదీ చూసి ప్రాజెక్టు చచ్చిపోయిందని తేల్చేయకండి. చేయాల్సిన పని చేసేసి నిశ్శబ్దంగా ఉన్న చిన్న లైబ్రరీలు బోలెడు. వాటికి కొత్త రిలీజు అవసరమే లేదు. మీరు చూడాల్సింది ఇవి: ఇప్పటి కంపైలర్‌తో బిల్డ్ అవుతోందా? సెక్యూరిటీ లోపం గురించి ఎవరైనా చెబితే జవాబు వచ్చిందా? సరైన ప్యాచ్‌లు (జనం పంపిన సవరణలు) వచ్చి కలపకుండా పడి ఉన్నాయా? ఈ మూడింటికీ చెడ్డ జవాబే వస్తే అది ఆగిపోయినట్టే.

తర్వాత ప్రాజెక్టు వేరే చోటికి మారిందేమో చూడండి. పాత రిపో (కోడ్ ఉంచే చోటు) అలాగే ఉండిపోయి, అసలు పని ఇంకో సర్వర్‌లో నడుస్తూ ఉండొచ్చు. రీడ్‌మీలో చివరి మార్పులు, మెయిలింగ్ లిస్టులో చివరి ఉత్తరాలు చదివితే తెలిసిపోతుంది. డెబియన్, ఫెడోరా, ఆర్చ్ వంటి లినక్స్ డిస్ట్రోల్లో (లినక్స్‌ను ప్యాకేజీలతో కలిపి ఇచ్చేవాటిలో) ఆ ప్యాకేజీ ఏ మూలం నుంచి వస్తోందో కూడా చూడండి. ప్యాకేజీ చూసుకునేవాళ్లకు ఇలాంటి విషయాలు ముందే తెలిసి ఉంటాయి.

ఉన్న ఫోర్కులు కూడా ఒకసారి వరసగా చూడండి. చాలావాటిలో ఒక్క కమిట్ కూడా కొత్తది ఉండదు. ఒకటో రెండో మాత్రం అసలు రిపోను దాటి చాలా ముందుకెళ్లి ఉంటాయి. అలాంటిది కనబడితే మీ పని సగం అయిపోయింది. కొత్తది మొదలుపెట్టకండి, వెళ్లి వాళ్లతో కలవండి.

2. లైసెన్సు చూడండి

రిపోలో లైసెన్సు ఫైలు ఉందా, సోర్సు ఫైళ్ల తలల్లో రాసినదీ అదీ ఒకటేనా చూడండి. జీపీఎల్, ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ వంటిది ఏదున్నా ముందుకెళ్లొచ్చు. లైసెన్సే లేకపోతే ఆగిపోండి. కోడ్ అందరికీ కనబడుతోందంటే అది ఫ్రీ సాఫ్ట్‌వేర్ అయిపోదు. రాసిన మనిషి అనుమతి రాతపూర్వకంగా వచ్చేదాకా దాన్ని తీసుకుని పంచే హక్కు మీకు లేదు.

పాత కాపీరైట్ లైన్లు ఒక్కటీ తీసేయకండి. మీ పేరు వాటి కింద చేర్చుకోండి. లైసెన్సు మార్చాలన్న ఆలోచన ఉంటే ఇప్పటికి పక్కన పెట్టండి. జీపీఎల్‌లో ఉన్న కోడ్‌ను వేరే లైసెన్సుకు మార్చాలంటే అందులో రాసిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. వీఎల్‌సీ వీడియో ప్లేయర్ వాళ్లు అలా ఎల్‌జీపీఎల్‌కు మారినప్పుడు వందకు పైగా మందిని ఒక్కొక్కరినే వెతికి అడగాల్సి వచ్చింది.

పేరు సంగతి కోడ్ సంగతి లాంటిది కాదు. లైసెన్సు కోడ్‌కు వర్తిస్తుంది, ట్రేడ్‌మార్కుకు కాదు. ఫైర్‌ఫాక్స్ పేరు, లోగో వాడుకునే షరతులు కుదరక డెబియన్ 2006లో ఆ బ్రౌజర్‌నే ఐస్‌వీసెల్ అనే పేరుతో ఇవ్వాల్సి వచ్చింది. మళ్లీ పాత పేరుకు రావడానికి 2016 దాకా పట్టింది.

3. చివరి రిలీజును మీ మెషీన్ మీద బిల్డ్ చేయండి

ఒక్క లైను కూడా మార్చకముందు, పాత రిలీజు ట్యాగ్ చెకౌట్ చేసి బిల్డ్ చేయండి, టెస్టులు నడపండి. ఎన్ని పాసయ్యాయి, ఎన్ని ఫెయిలయ్యాయి మీ టెక్స్ట్ ఫైలులో రాసుకోండి. ఇది మీ కొలబద్ద. ఈ అంకె లేకపోతే రేపు ఏదైనా టెస్టు విరిగినప్పుడు అది మీ మార్పు వల్లో, నాలుగేళ్ల నుంచి అలాగే ఉందో తెలియదు.

ఇప్పటి సిస్టమ్‌లో బిల్డ్ కాకపోతే, ఆ రిలీజు నాటి డిస్ట్రోను కంటైనర్‌లో (మీ మెషీన్‌లోనే విడిగా నడిచే చిన్న సిస్టమ్‌లో) తెచ్చి అందులో ప్రయత్నించండి. అందులో అయితే లోపం కోడ్‌లో లేదు, చుట్టూ ఉన్న లైబ్రరీలు మారాయి అంతే. టెస్టులే లేని ప్రాజెక్టు అయితే మీరు రోజూ వాడే పనులు నాలుగైదు తీసుకుని, ఇన్‌పుట్ ఫైలు, దానికి పాత వెర్షన్ ఇచ్చిన అవుట్‌పుట్ ఫైలు జతగా దాచిపెట్టండి. అవే మీ మొదటి టెస్టులు.

4. పాత మెయింటెయినర్‌కు (ప్రాజెక్టును నడిపిన మనిషికి) ఉత్తరం రాయండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒకటి, అసలు రాయరు. రెండు, రాస్తే దబాయిస్తున్నట్టు రాస్తారు. "ప్రాజెక్టు చచ్చిపోయిందా?" అని ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో ఫిర్యాదు) తెరుస్తారు. ఏళ్ల తరబడి జీతం లేకుండా చేసిన మనిషికి అది ఎలా తగులుతుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకో కారణం కూడా ఉంది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ విషయంలో జరిగింది ఇప్పుడు మెయింటెయినర్లందరికీ తెలుసు. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించారు. అదే కాలంలో వేరే పేర్లతో కొందరు "పని నెమ్మదిగా సాగుతోంది, ఇంకొకరికి అప్పగించండి" అని అలసిపోయి ఉన్న మెయింటెయినర్ మీద ఒత్తిడి తెచ్చారు. చివరికి 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (రహస్యంగా చొరబడే దొంగదారి) చేరింది. అందుకే ముక్కూముఖం తెలియని మనిషి వచ్చి "నాకివ్వండి" అంటే ఎదుటివాళ్లు వెనకాడతారు, వెనకాడాలి కూడా. మొదటి ఉత్తరంలో తాళాలు అడగకండి. పని చూపించండి.

నేను రాసిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది. సబ్‌టైటిల్ ఫైళ్లను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కు మార్చే చిన్న టూల్ అది:

"నమస్తే అండి. మీ టూల్‌ను నేను ఐదేళ్లుగా వాడుతున్నాను, చాలా థ్యాంక్స్. కొత్త కంపైలర్‌తో బిల్డ్ ఆగిపోతోంది. దాన్ని సరిచేసే రెండు ప్యాచ్‌లు జత చేశాను. వరుసలో ఆగిపోయి ఉన్న ప్యాచ్‌లు కూడా చదివి చూశాను. వాటిలో నాలుగు నా దగ్గర అన్ని టెస్టులూ పాసయ్యాయి, ఒకటి మాత్రం పాత ఫైళ్లను చెడగొడుతోంది. వివరాలు కింద ఉన్నాయి. మీకు తీరిక లేకపోతే ఇలాంటివి చూసిపెట్టడానికి నేను సిద్ధం. కలిపే పని మీ చేతిలోనే ఉంచుకోవచ్చు. తొందరేమీ లేదు."

జవాబు పంతొమ్మిది రోజులకు వచ్చింది, రెండే రెండు వాక్యాలు. "ఎవరైనా ఇలా అడుగుతారేమోనని చాలా రోజులుగా చూస్తున్నాను. ప్యాచ్‌లు కలిపాను, మిగతావి కూడా పంపండి." అంత పాత మెయిల్ ఐడీకి జవాబు వస్తుందని నేను అనుకోలేదు. ఆ ఉత్తరంలో పనిచేసింది మర్యాద ఒక్కటే కాదు. చెడగొడుతున్న ఆ ఒక్క ప్యాచ్‌ను గుర్తుపట్టి చెప్పడం. ఈ మనిషి నిజంగా చదివాడు అని అవతలి వైపుకు తెలిసింది దానివల్లే.

మెయిల్ ఐడీ దొరక్కపోతే గిట్ లాగ్‌లో కమిట్ల పక్కన ఉంటుంది. ఒక్క దారినే నమ్ముకోకుండా మెయిల్, ప్రాజెక్టు ఇష్యూ, మెయిలింగ్ లిస్టు మూడింటిలోనూ ఒకసారి రాయండి. రెండు వారాల తేడాతో మూడుసార్లు చాలు. సొంత ఫోన్ నంబర్లు వెతకడం, ఇంట్లోవాళ్లకు, ఆఫీసువాళ్లకు రాయడం మాత్రం వద్దు.

5. జవాబు కోసం ఆగకుండా ప్యాచ్‌లు పోగేయండి

ఎదురుచూసే వారాలు వృథా కానివ్వకండి. మీ సొంత కాపీలో ఒక బ్రాంచ్ తీసి, చెదిరిపోయి ఉన్న ప్యాచ్‌లన్నీ అందులోకి తీసుకురండి. మూడు చోట్ల వెతకాలి: కలపని పుల్ రిక్వెస్టులు (కలపమని పంపిన మార్పులు), జనం వేసుకున్న ఫోర్కులు, డిస్ట్రోల ప్యాకేజీలు. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. డెబియన్ సోర్సు ప్యాకేజీలో ప్యాచ్‌ల ఫోల్డరు విడిగా ఉంటుంది. ఒక్కోసారి అసలు ప్రాజెక్టుకు చేరని మంచి సవరణలు ఏళ్లుగా అక్కడే ఉంటాయి.

ఈ పద్ధతి పాతదే. అమెరికా పరిశోధన సంస్థ ఎన్‌సీఎస్‌ఏలో వెబ్ సర్వర్ రాసిన రాబ్ మెకూల్ 1994లో అక్కడి నుంచి వెళ్లిపోయాక ఆ ప్రోగ్రామ్ ముందుకు కదల్లేదు. దాన్ని నడిపేవాళ్లు ఎవరి సర్వర్‌కు వాళ్లు ప్యాచ్‌లు వేసుకుంటూ వచ్చారు. 1995లో వాళ్లలో కొందరు ఆ ప్యాచ్‌లన్నీ ఒకచోటికి చేర్చి విడుదల చేస్తే అది అపాచీ సర్వర్ అయింది.

పోగేసేటప్పుడు జాగ్రత్తలు:

- రాసినవాళ్ల పేరు పోకూడదు. ప్యాచ్‌ను కాపీ చేసి మీ పేరుతో కమిట్ చేయకండి. మెయిల్‌లో వచ్చినదైతే గిట్ ఏఎం వాడండి, ఫోర్కు నుంచైతే చెర్రీ-పిక్ (ఆ ఒక్క కమిట్‌నే తెచ్చుకోవడం) చేయండి. రెండింటిలోనూ అసలు రచయిత పేరు నిలుస్తుంది. చెర్రీ-పిక్‌కు మైనస్ ఎక్స్ ఆప్షన్ ఇస్తే ఏ కమిట్ నుంచి తెచ్చారో సందేశంలో చేరుతుంది.
- ఒక ప్యాచ్ కలపండి, టెస్టులు నడపండి, తర్వాతది తీసుకోండి. పది ఒకేసారి కలిపి విరిగాక వెతకడం నరకం. అప్పటికే కలిపేసి ఉంటే, ఏ కమిట్ దగ్గర విరిగిందో వెతికిపెట్టే గిట్ బైసెక్ట్ ఆదుకుంటుంది.
- కోడ్ అంతటినీ ఫార్మాటర్‌తో దువ్వకండి. ఈ పొరపాటు నేను చేశాను. ట్యాబులు తీసి స్పేసులు పెట్టాను, అంతే. డిస్ట్రోలు దాచుకున్న ప్యాచ్‌లు ఒక్కటీ పట్టలేదు. ఏ లైను చివరగా ఎవరు మార్చారో చెప్పే గిట్ బ్లేమ్ ఎక్కడ అడిగినా నా పేరే చెప్పింది. వెనక్కి తీసుకోవడానికి ఒక వారాంతం పోయింది. తప్పదనుకుంటే మొదటి రెండు రిలీజుల తర్వాత, అదొక్కటే ఒక కమిట్‌గా చేసి, గిట్ బ్లేమ్ ఆ కమిట్‌ను వదిలేసేలా దాని నంబరును ఒక ఫైలులో రాసి ఉంచండి. 2019 నుంచి గిట్‌లో ఈ సౌకర్యం ఉంది.

6. మూడు దారుల్లో ఒకటి

మెయింటెయినర్ ఒప్పుకుంటే ఏడో అడుగుకు వెళ్లండి.

జవాబే రాకపోతే, ప్యాకేజీ పేరు ఏ రిజిస్ట్రీలో (జనం ప్యాకేజీలు దింపుకునే చోటులో) ఉందో దాని నియమాలు చదవండి. పైథాన్ ప్యాకేజీల పైపీఐకి పెప్ 541 అనే రాతపూర్వక నియమం ఉంది. యజమాని పలకకపోవడం, పన్నెండు నెలలుగా రిలీజు లేకపోవడం, ప్రాజెక్టు పేజీలో యజమాని అలికిడి లేకపోవడం, ఈ మూడూ ఉంటేనే అది వదిలేసిన ప్రాజెక్టు కింద లెక్క. ఆ తర్వాత కూడా మీరు యజమానిని సంప్రదించి విఫలమైనట్టు, మీ ఫోర్కులో నిజంగా మెరుగులు దిద్దినట్టు, వేరే పేరుతో నడిపితే ఎందుకు కుదరదో చూపించాలి. మీ టెక్స్ట్ ఫైలు ఇక్కడ పనికొస్తుంది. డెబియన్ ప్యాకేజీలకు వేరే దారి ఉంది. వదిలేసిన ప్యాకేజీని తీసుకోదలిస్తే ఐటీఏ (దత్తత తీసుకునే ఉద్దేశం) అని బగ్ రిపోర్టు ద్వారా ప్రకటిస్తారు. ఆలనాపాలనా లేకున్నా ఇంకా ఒకరి పేరు మీదే ఉన్నదానికి, 21 రోజులు అభ్యంతరాల కోసం ఆగే పద్ధతి ఒకటి ఉంది.

"వద్దు" అని జవాబొస్తే ఫోర్క్ చేయండి, తప్పు లేదు. కానీ కొత్త పేరు పెట్టండి. పాత పేరుకు "నెక్స్ట్", "ప్లస్" తగిలించి వాడితే జనం తికమకపడతారు, పాత మెయింటెయినర్‌కు మీ బగ్గుల ఉత్తరాలు పోతాయి. రీడ్‌మీ మొదటి పేరాలోనే ఇది ఏ ప్రాజెక్టు నుంచి, ఏ వెర్షన్ నుంచి విడివడిందో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. ఫిర్యాదులు రాయకండి. విడిపోయినవి మళ్లీ కలుస్తాయి కూడా. 1997లో జీసీసీ కంపైలర్ నుంచి విడివడిన ఈజీసీఎస్ అంత బాగా నడిచింది కాబట్టే, 1999లో దాన్నే అధికారిక జీసీసీగా తీసుకున్నారు. దారి మూసేసే మాటలు రాసి ఉంటే అలాంటిది జరగడం కష్టమయ్యేది.

7. తాళాల జాబితా

అప్పగింత అంటే రిపోలో రాసే హక్కు ఒక్కటే అనుకుంటారు. కాదు. పాత మెయింటెయినర్‌తో కూర్చుని ఈ జాబితా నింపండి: రిపో యాజమాన్యం, ప్యాకేజీ రిజిస్ట్రీ ఖాతా, డొమైన్ పేరు, దాని రెన్యూవల్ తేదీ, వెబ్‌సైట్ ఉన్న సర్వర్, మెయిలింగ్ లిస్టు అడ్మిన్ పాస్‌వర్డు, సెక్యూరిటీ లోపాలు చెప్పడానికి ఇచ్చిన మెయిల్ ఐడీ ఎవరికి చేరుతోంది, ఆటోమేటిక్ బిల్డ్ వ్యవస్థలో దాచిన రహస్య టోకెన్లు, విరాళాల ఖాతా ఉంటే అది.

డొమైన్‌ను అస్సలు తేలిగ్గా తీసుకోకండి. అది గడువు తీరి ఎవరి చేతిలోనైనా పడితే, పాత రీడ్‌మీల్లో ఉన్న ప్రతి లింకూ వాళ్లదవుతుంది. ఆ డొమైన్ మీద ఉన్న మెయిల్‌తో రిజిస్ట్రీ పాస్‌వర్డు కూడా మార్చుకోగలరు.

పాత మెయింటెయినర్ సైనింగ్ కీ అడగకండి, ఇచ్చినా తీసుకోకండి. కీ అంటే ఒక మనిషి సంతకం. మీ కీ మీరు తయారు చేసుకుని, దాని ఫింగర్‌ప్రింటును పాత మెయింటెయినర్ తన సంతకంతో ప్రకటించేలా చూడండి. పాత టోకెన్లన్నీ రద్దు చేసి కొత్తవి తీయండి, ప్రతి ఖాతాకూ టూ-ఫ్యాక్టర్ పెట్టండి. పాత మెయింటెయినర్ ఇష్టపడితే వారి పేరు, హక్కులు కొంతకాలం అలాగే ఉండనివ్వండి.

8. మొదటి రిలీజు చిన్నదిగా ఉండాలి

ఏళ్ల తర్వాత వస్తున్న రిలీజు కదా, ఘనంగా ఉండాలని మనసు లాగుతుంది. లాగనివ్వకండి. మొదటి రిలీజులో బిల్డ్ సవరణలు, సెక్యూరిటీ సవరణలు, ఎవరికీ అభ్యంతరం లేని నాలుగు బగ్ సవరణలు చాలు. కొత్త ఫీచర్ ఒక్కటి కూడా వద్దు. వెర్షన్ నంబరులో చివరి అంకె మాత్రమే మారాలి. 2.4.1 తర్వాత 2.4.2, అంతే. ఈ రిలీజు పని ఒక్కటే: రిలీజు చేసే గొట్టం సరిగ్గా పారుతోందా, ఎక్కడైనా కారుతోందా చూసుకోవడం.

వరుస ఇది:

క) రిలీజు క్యాండిడేట్ (పరీక్షకు ఇచ్చే ముందస్తు రిలీజు) తీసి రెండు వారాలు ఉంచండి. డిస్ట్రోల్లో ఆ ప్యాకేజీ చూసుకునేవాళ్లకు విడిగా చెప్పండి. మీకు దొరికే అత్యంత మంచి టెస్టర్లు వాళ్లే.

ఖ) టార్‌బాల్ (సోర్సు ఫైళ్లన్నీ కట్టిన ఒకే ఫైలు) తయారు చేసి, దాన్ని పూర్తిగా ఖాళీ డైరెక్టరీలో విప్పి, అక్కడి నుంచి బిల్డ్ చేసి టెస్టులు నడపండి. మీ గిట్ డైరెక్టరీలో కాదు. నా మొదటి రిలీజులో టెస్టులకు కావలసిన నమూనా ఫైళ్ల ఫోల్డరు టార్‌బాల్‌లోకి చేరలేదు. నా దగ్గర అన్నీ పాసయ్యాయి, ఎందుకంటే నా డైరెక్టరీలో ఆ ఫోల్డరు ఉంది. విడుదలైన మూడు గంటలకే ఒక డిస్ట్రో ప్యాకేజర్ నుంచి ఉత్తరం వచ్చింది: "టెస్టుల్లో సగం ఫైళ్లు దొరకడం లేదంటున్నాయి, మీ దగ్గర ఎలా పాసయ్యాయి?" అదే రోజు 2.4.3 ఇవ్వాల్సి వచ్చింది. అప్పటి నుంచి కొత్త కంటైనర్‌లో విప్పి చూడకుండా ఏదీ పంపను.

గ) టార్‌బాల్‌లో ఉన్నదీ, ట్యాగ్‌లో ఉన్నదీ పక్కపక్కన పెట్టి డిఫ్ చేయండి (తేడాలు చూడండి). తేడా వచ్చిన ప్రతి ఫైలుకూ కారణం మీకు తెలిసి ఉండాలి. ఎక్స్‌జెడ్‌లో బ్యాక్‌డోర్‌ను మేల్కొలిపే స్క్రిప్టు గిట్ రిపోలో లేదు, రిలీజు టార్‌బాల్‌లో మాత్రమే పెట్టారు. దూరంలోని మెషీన్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ వెంటపడి తవ్వబట్టి 2024 మార్చి 29న లోకానికి తెలిసింది. వీలైతే టార్‌బాల్‌ను గిట్ ఆర్కైవ్‌తో నేరుగా ట్యాగ్ నుంచే తీయండి, ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఘ) ట్యాగ్‌ను మీ కీతో సంతకం చేయండి. టార్‌బాల్‌తో పాటు సంతకం ఫైలు, ఎస్‌హెచ్ఏ-256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసుకునే సంఖ్య) పెట్టండి.

ఙ) చేంజ్‌లాగ్‌ను వాడేవాళ్ల భాషలో రాయండి. "పార్సర్ సరిచేయబడింది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "గంట దాటిన సబ్‌టైటిళ్లలో టైమింగ్ ఒక సెకను వెనక్కి పోయేది, ఇప్పుడు పోదు" అని రాస్తే తమ బాధ తీరిందో లేదో చదివినవాళ్లకు తెలుస్తుంది. ప్యాచ్ పంపిన ప్రతి ఒక్కరి పేరూ రాయండి. మెయింటెయినర్ మారిన సంగతి, కొత్త కీ ఫింగర్‌ప్రింటు మొదటి పేరాలోనే ఉండాలి.

హెచ్చరిక: విడుదలయ్యాక అదే వెర్షన్ నంబరుతో టార్‌బాల్ మార్చకండి, ఒక్క అక్షరం అయినా సరే. చెక్‌సమ్ మారితే డిస్ట్రోల బిల్డులు ఆగిపోతాయి. పైగా ఎవరో చొరబడ్డారేమోనని అనుమానిస్తారు. తప్పు దొరికితే కొత్త నంబరుతో ఇంకో రిలీజు.

9. పేరుకుపోయిన ఇష్యూల వరుస

పాతవన్నీ ఒక బాట్ పెట్టి ఒకేసారి మూసేయకండి. స్క్రీన్ శుభ్రంగా కనబడుతుంది, కానీ వేళ కేటాయించి బగ్ రాసిన మనిషి ఇంకెప్పుడూ రాయరు. రోజుకు ఐదు చొప్పున చదవండి. ఇప్పటి వెర్షన్‌లో మళ్లీ చేసి చూడండి. జరుగుతుంటే "2.4.2లో నాకూ జరిగింది, ఈ ఫైలుతో" అని రాయండి. జరగకపోతే అడిగి, నెల ఆగి మూయండి. కుదరని కోరికలకు "ఇది చేయం" అని కారణంతో సహా ఇప్పుడే చెప్పేయండి. ఏళ్ల తరబడి తెరిచి ఉంచిన "చూద్దాం" కంటే ఇవాళ చెప్పిన "కుదరదు" మేలు.

కొత్తగా ప్యాచ్ పంపినవాళ్లకు మొదటి జవాబు వారంలోపు వెళ్లాలి. పూర్తి సమీక్ష కానక్కర్లేదు. "చూశాను, ఈ నెలాఖరులోపు చదువుతాను" చాలు, ఆ నెలాఖరుకు నిజంగా చదివితే.

10. రెండో మనిషిని తెచ్చుకోండి

ఈ ప్రాజెక్టు ఆగిపోయింది ఒక్కరి మీదే ఆధారపడటం వల్ల. మీరు వచ్చాక కూడా ఒక్కరే ఉంటే పరిస్థితి మారలేదు, పేరు మారింది. అయితే దొరికినవాళ్లకల్లా తాళాలు ఇవ్వడం అంతకన్నా ప్రమాదం. 2018లో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల రిజిస్ట్రీ ఎన్‌పీఎం లోని ఈవెంట్-స్ట్రీమ్ ప్యాకేజీని దాని రచయిత అడిగిన ఒక అపరిచితుడికి ఇచ్చేశారు. ఆ మనిషి బిట్‌కాయిన్ వాలెట్ల నుంచి దొంగిలించే కోడ్‌ను ఒక డిపెండెన్సీ (అది వాడుకునే ఇంకో ప్యాకేజీ) రూపంలో చేర్చాడు.

అంచెలంచెలుగా ఇవ్వండి. మంచి ప్యాచ్‌లు కొన్ని పంపినవాళ్లకు ముందు ఇష్యూలకు లేబుళ్లు పెట్టి మూసే హక్కు. కొన్ని నెలల తర్వాత కమిట్ హక్కు, అదీ ఎవరి కమిట్ అయినా ఇంకొకరు చదివాకే కలిసేలా. రిలీజు హక్కు ఆ తర్వాత. ఇతరుల ప్యాచ్‌లను ఓపిగ్గా సమీక్షించే మనిషి, తన ఫీచర్లు మాత్రమే రాసే మనిషి ఇద్దరూ ఉంటే నేను మొదటివారినే ఎంచుకుంటాను. బిల్డ్ స్క్రిప్టులు, టెస్టుల్లోని బైనరీ ఫైళ్లు మార్చే ప్యాచ్‌లను మాత్రం ఎవరు పంపినా రెండుసార్లు చదవండి. ఎక్స్‌జెడ్‌లో హానికర కోడ్ దాక్కున్నది టెస్టు ఫైళ్లలోనే.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

రిపో పేజీలో జనం ఇచ్చే నక్షత్రాలు, డౌన్‌లోడ్లు చూడకండి. ఆరు నెలల తర్వాత ఇవి చూడండి.

డిస్ట్రోల ప్యాచ్ ఫోల్డర్లు తగ్గాయా? మీరు సరిగ్గా కలుపుతుంటే వాళ్లు విడిగా మోయాల్సిన ప్యాచ్‌లు తగ్గుతూ రావాలి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా నిజాయితీ అయిన కొలత లేదు.

గత ఆరు నెలలకు గిట్ షార్ట్‌లాగ్ (ఎవరు ఏ కమిట్లు చేశారో చెప్పే జాబితా) తీయండి. మీ పేరు కాక ఇంకెన్ని పేర్లు ఉన్నాయి? ఒక్కటీ లేకపోతే తొమ్మిదో అడుగు మళ్లీ చదవండి. జవాబులు ఆలస్యమవుతున్నాయేమో, ప్యాచ్‌లు పంపే పద్ధతి ఎక్కడా రాయలేదేమో చూడండి.

రిలీజు చేసే పద్ధతి ఒక ఫైలులో రాశారు కదా, దాన్ని రెండో మనిషికి ఇచ్చి, మీరు నోరు మెదపకుండా తర్వాతి రిలీజు వాళ్ల చేత చేయించండి. వాళ్లు ఆగి మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నా ఆ ఫైలులో లేని ఒక లైను. నా దగ్గర మొదటిసారి పదకొండు ప్రశ్నలు వచ్చాయి, రెండోసారి రెండు.

సెక్యూరిటీ మెయిల్ ఐడీకి వేరే ఖాతా నుంచి ఒక పరీక్ష ఉత్తరం పంపండి. ఇద్దరికీ చేరిందా? చేరకపోతే ఇవాళే సరిచేయండి.

మీకు తీరిక తగ్గిపోతే? రీడ్‌మీ పైన "మెయింటెయినర్ కావాలి" అని తేదీతో సహా రాయండి. పని ఎంతవరకు వచ్చిందో, ఏ ప్యాచ్‌లు సగంలో ఉన్నాయో కింద చేర్చండి. పూర్తిగా అలసిపోయాక కాకుండా, ఇంకా ఉత్తరాలకు జవాబు ఇచ్చే ఓపిక ఉండగానే రాయండి. అప్పుడు వచ్చినవాళ్లకు ఏడో అడుగులోని జాబితా మీరే నింపి ఇవ్వగలరు.